నవ్వు కూడా చరిత్రకు ఆధారమే

రాజశాసనాలను, మంత్రుల లేఖలను చరిత్రకు ఆధారాలుగా గ్రహించడానికి ఎవరూ సంకోచించరు. జనం నిత్యం విని నవ్వుకొనే రేడియో హాస్యం కూడా అటువంటి ఆధారమే అంటే మాత్రం విద్వాంసులు చిరకాలం పెదవి విరిచినారు. అమెరికాలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య రే బ్రౌన్ 1973లో జనసామాన్య సంస్కృతికి ప్రత్యేక శాఖను నెలకొల్పినప్పుడు, ఇదీ ఒక విద్యేనా అని ప్రశ్నించినవారు పలువురు.

ఆ ప్రశ్నకు ఒక రేడియో ధారావాహికయే సమాధానం చెప్పగలదు. 1928లో షికాగో నుండి ‘ఏమస్ అండ్ ఆండీ’ ప్రారంభమైనది. మరుసటి సంవత్సరం అది దేశమంతటా ప్రసారమైనది. దక్షిణాది విడిచి నగరం చేరి, టాక్సీ నడిపి బ్రతుకదలచిన ఇద్దరు నల్లజాతి మిత్రుల కథ అది. ఆ పదిహేను నిమిషాలూ కొన్ని సినిమాహాళ్లు బొమ్మ ఆపి, ప్రేక్షకులకు రేడియో వినిపించేవి. అయితే ఆ పాత్రలకు గొంతు నిచ్చిన గాస్డెన్, కారెల్ ఇద్దరూ తెల్లవారు. ముఖాన మసి పూసుకొని నల్లవారిని అనుకరించే పూర్వపు రంగస్థల వినోదమే ఇట్లు రేడియోకు ఎక్కినది. ఇక్కడ మసితో పని లేదు; యాస చాలును.

1931లో ‘పిట్స్‌బర్గ్ కొరియర్’ అనే నల్లజాతి పత్రిక ఈ ప్రసారాన్ని ఆపవలెనని పది లక్షల సంతకాల సేకరణకు పూనుకొన్నది. అదే సంవత్సరం ‘షికాగో డిఫెండర్’ అనే మరొక నల్లజాతి పత్రిక ఆ నటులనే తన బాలల ఉత్సవానికి ఆహ్వానించినది. ఒకే కథలో కొందరికి అవమానం వినిపించినది. మరికొందరికి తమవంటివారి ఆశలు, అప్పులు వినిపించినవి. ఒకే సమాజంలోని ఈ అభిప్రాయభేదం శాసనసభల నివేదికలలో దొరకదు. చరిత్రకారుడు మెల్విన్ పాట్రిక్ ఈలీ 1991లో ఒక గ్రంథమే వ్రాసి దీనిని వివరించినారు.

1951లో ఈ కథ నల్లజాతి నటులతో టెలివిజనుకు వచ్చినది. నల్లజాతివారి హక్కులకై పోరాడే జాతీయ సంఘం దానిని తీవ్రంగా నిరసించినది. 1953లో నిర్మాణం ఆగినది. 1966లో పునఃప్రసారాలనుకూడా ఉపసంహరించినారు.

ప్రసారవృత్తిలో ఉన్న మాకు ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. ఎందరు నవ్వినారో లెక్కించడం సులభం. ఎవరు నొచ్చుకొన్నారో తెలిసికొనడం కష్టం. ఆ ధారావాహిక తొలినాళ్ల ధ్వని చాలవరకు మిగులలేదు. వ్రాతప్రతులు, పత్రికలలోని నిరసనలు మిగిలినవి గనుకనే విచారణ సాధ్యమైనది. ప్రసంగప్రతులను, శ్రోతల జాబులను, విశేషించి మమ్ము తప్పుపట్టిన జాబులను, పదిలపరచవలెనని మేము కోరుటకు కారణమిదే.