ఒక్క రోజు తేడాతో మారిపోయిన కానిస్టేబుల్ పెన్షన్

ఇవాళ ఒక తేదీ కథ చెప్తాను.

ఇద్దరు కానిస్టేబుళ్లని ఊహించుకోండి. ఒకే స్టేషన్, ఒకే నైట్ డ్యూటీ. ఒకాయన 2004 ఆగస్టు 31న చేరారు, ఇంకొకాయన మర్నాడు. మొదటాయనకి పాత పెన్షన్: సర్వీసు పూర్తిచేస్తే చివరి జీతంలో సగం దాకా, పైగా డీఏ పెరిగినప్పుడల్లా పెంపు. రెండో ఆయనకి సీపీఎస్: జీతంలో 10 శాతం కటింగ్, ప్రభుత్వం వాటా కలిపి మార్కెట్‌లో పెట్టుబడి. చివరికి ఎంతొస్తుందో ముందే చెప్పలేం.

ఎందుకిలా? కేంద్రం 2004 జనవరి 1 నుంచి కొత్త ఉద్యోగులకి పాత పెన్షన్ ఆపేసింది, సైన్యానికి తప్ప. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సెప్టెంబర్ 1 నుంచి అదే బాట పట్టింది. పోలీసులకి మినహాయింపు ఇవ్వలేదు. రాష్ట్రం విడిపోయినా రెండు చోట్లా ఆ తేదీ అలాగే ఉండిపోయింది.

ఇంట్రెస్టింగ్ విషయం ఏంటంటే, 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి కటాఫ్ తేదీనే కొట్టేసింది. పెన్షన్ దయాదాక్షిణ్యం కాదు, హక్కు అంది. కానీ అది అప్పటికే ఒకే పెన్షన్ కింద ఉన్నవాళ్ల గురించి. కొత్తగా చేరేవాళ్లకి వేరే స్కీమ్ పెట్టడం వేరే సంగతి.

ఇంకో మలుపు. నోటిఫికేషన్ ముందే వచ్చి, జాయినింగ్ లేటైతే? 2003 డిసెంబర్ 22కి ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరిన కేంద్ర ఉద్యోగులకి, 2023 మార్చిలో కేంద్రం పాత పెన్షన్‌కి ఒక్కసారి ఆప్షన్ ఇచ్చింది. మన 2003 డీఎస్సీ టీచర్లు అడిగిందీ అదే.

మీ ఇంట్లో పోలీసులుంటే, నోటిఫికేషన్ తేదీ, జాయినింగ్ తేదీ రెండూ ఓసారి అడగండి. ముప్పై ఏళ్ల డ్యూటీకి ఫలితం ఆ రెండు తేదీల మధ్యే ఉండొచ్చు.