పని పూర్తయింది!

2023 అక్టోబరు 21, శనివారం. తెల్లారితే సద్దుల బతుకమ్మ. మహదేవపూర్ పల్లెల్లో తంగేడు, గునుగు పూలు తెచ్చుకునే హడావిడి. చీకటి ముసురుకుంటోంది. మేడిగడ్డ బ్యారేజీ వెనక దాదాపు 10 టీఎంసీల గోదావరి నీళ్లు.

ఢాం!

బ్యారేజీ మీదున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. బాంబా? మహారాష్ట్ర ఒడ్డుకు దగ్గరగా, ఏడో బ్లాకులో, వంతెన వంగిపోయింది. 20వ పిల్లరు కుంగింది. రాకపోకలు ఆపేశారు. గబగబా గేట్లెత్తారు. నీళ్లు హోరుమంటూ కిందికి ఉరికాయి. కుట్ర జరిగిందేమోనని ఓ ఇంజినీరు పోలీస్ స్టేషన్ మెట్లెక్కాడు.

ఢిల్లీ నుంచి జాతీయ డ్యాం భద్రతా సంస్థ నిపుణులు దిగారు. పునాది కింద ఇసుక కొట్టుకుపోయిందన్నారు. ప్రణాళిక, డిజైన్, నాణ్యత, నిర్వహణ, దేన్నీ వదల్లేదు. అన్నిట్లోనూ లోపాలే! ఎన్నికల వేడి మీదున్న సర్కారు పెద్దలు మాత్రం నిబ్బరంగానే ఉన్నారు. కట్టిన ఎల్ అండ్ టీనే బాగుచేస్తుంది, ప్రభుత్వానికి ఖర్చు లేదన్నారు.

డిసెంబరులో ఆ కంపెనీ ఉత్తరం బయటపడింది. మా బాధ్యత గడువు ఎప్పుడో తీరిపోయింది, పని పూర్తయిందని మీరే సర్టిఫికెట్ ఇచ్చారు, ఇప్పుడు చేయాలంటే కొత్తగా ఒప్పందం రాసుకోవాలి. సారాంశం ఇది.

ఏ సర్టిఫికెట్?

సర్కారు టెండరు పనుల్లో ఓ షరతుంటుంది. పని ముగిశాక ఒప్పందంలో రాసుకున్నంత కాలం, లోపం బయటపడితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాలి. వాడలో మురుగుకాలువకైనా, వేల కోట్ల బ్యారేజీకైనా అంతే. ఆ గడువు లెక్క మొదలయ్యేది, పని ముగిసిందని ఇంజినీరు ఒప్పుకున్న తేదీ నుంచే. అందుకే ఆ సంతకానికంత విలువ.

ఇక్కడ ఆ సంతకం ఎలా పడిందో చూడండి. పాత ఆదిలాబాద్ జిల్లా తుమ్మిడిహట్టి దగ్గర ప్రాణహితపై కట్టాలనుకున్న బ్యారేజీని పక్కనబెట్టి, పాత కరీంనగర్ జిల్లా మేడిగడ్డ దగ్గర గోదావరికి అడ్డంగా 85 గేట్లతో మరోటి లేపి, 2019 జూన్ 21న అట్టహాసంగా ప్రారంభించి, మూడు నెలలు తిరక్కుండానే సెప్టెంబరు 10న పని చాలావరకు అయిందని కాగితమిచ్చి, అదే ఏడాది వరద తీశాక దిగువన కాంక్రీటు దిమ్మెలు చెల్లాచెదురై కనబడితే బాగుచేయండంటూ కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, ఆ మరమ్మతు తేలకముందే 2021 మార్చి 15న ‘పని పూర్తయింది’ అని రాసిచ్చేశారు.

మరమ్మతు చేయండన్నదీ నీటిపారుదల శాఖే. పూర్తయిందన్నదీ ఆ శాఖే. గోడ బీటలు కళ్లెదుట కనబడుతుంటే సొంత ఇంటి మేస్త్రీకి ఆఖరి కిస్తు ఎవరైనా కడతారా?

2024 మార్చిలో దీనిపై విచారణకు జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ వచ్చింది. హైదరాబాద్ బీఆర్‌కే భవన్‌లో ఇంజినీర్లు ఒక్కొక్కరే ప్రమాణం చేసి కూర్చున్నారు. ప్రశ్నలు డిజైన్ల మీంచి టెండర్ల మీదికి, అక్కణ్నుంచి సర్టిఫికెట్ల మీదికి మళ్లాయి. 2025 జూన్ 11న మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ కూడా వచ్చి జవాబులు చెప్పారు.

జూలై 31న నివేదిక సర్కారు చేతికందింది. 2019 నాటి కాగితం, 2021 నాటి సర్టిఫికెట్, రెండూ తప్పేనని, చట్టానికి విరుద్ధమేనని కమిషన్ తేల్చింది. ఏడో బ్లాకు మరమ్మతు ఖర్చు కాంట్రాక్టు సంస్థే పెట్టుకోవాలంది. అప్పటికి పిల్లరు కుంగి 21 నెలలు దాటింది.