అబలాసచ్చరిత్రరత్నమాల – భండారు అచ్చమాంబగారు

ఆంధ్రవాఙ్మయమునఁ గథానికాజన్మమును గూర్చి చర్చ వచ్చినప్పుడెల్ల, 1910వ సంవత్సరమున వెలువడిన గురజాడ అప్పారావుగారి “దిద్దుబాటు”నే మొదటిదిగాఁ జెప్పుట చిరకాలము వాడుకయై యుండెను. అంతకు ముందే, 1902వ సంవత్సరమున, హిందూసుందరీపత్రికయందు “ధనత్రయోదశి” యను కథ యచ్చుపడినది. అందు దారిద్ర్యమున నున్న యొక యిల్లాలు, యజమానుని ధనమున కాసపడిన భర్తను వారించును. ఈ కథ మన చరిత్రకారుల కంటఁ బడకుండుటకు హేతువు దానిని వ్రాసినది స్త్రీ యగుటయా? స్త్రీల పత్రికలను పండితులు చదువకుండుటయా? రెండవదియే యని నాకుఁ దోఁచుచున్నది. దోషము మనయందే కలదు.

కథకర్త్రి భండారు అచ్చమాంబగారు 1874లో నందిగామకుఁ జేరువనున్న పెనుగంచిప్రోలున జన్మించిరి. 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులగు కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగా రీమెకుఁ దమ్ములు. బాల్యముననే మాధవరావుగారితో వివాహమయ్యెను. భర్తగారి యుద్యోగమువలన మధ్యపరగణాలలో నివసింపవలసి వచ్చెను. తమ్మునితోఁ గూడఁ దెలుఁగును, హిందీని నేర్చి, పిమ్మట మరాఠీ, గుజరాతీ, వంగభాషలను, గొంత సంస్కృతమును స్వయంకృషిచే సాధించిరి. చుట్టును దెలుఁగుమాట వినఁబడని దేశమున నుండి తెలుఁగున గ్రంథరచనకుఁ బూనుట సామాన్యము గాదు.

కథలకన్న నధికముగా విచారింపఁదగినది “అబలాసచ్చరిత్రరత్నమాల”. స్త్రీలు దుర్బలులనియు, వివేకహీనులనియు, విద్యవలనఁ జెడుదురనియు వాదించువారికిఁ బ్రత్యుత్తరముగా నామె దీనిని సంకల్పించెను. మొదటిభాగమున భారతచరిత్రలోని స్త్రీలు, రెండవదాన వైదికపౌరాణికస్త్రీలు, మూఁడవదాన విదేశస్త్రీలు వర్ణింపఁబడవలెనని సంకేతము. పురాణమునకు ముందు చరిత్ర నుంచుటలోనే యామె దృష్టి తెలియుచున్నది. పురాణకథ భక్తునకే ప్రమాణము. రాజ్య మేలిన రాణి సంశయాత్మునకును బ్రమాణమే.

గ్రంథనామమును గూర్చి వైయాకరణునిగా నొక్కమాట. “అబలా” యనునది “బలము లేనిది” యను బహువ్రీహి. అమరసింహుఁడు స్త్రీపర్యాయములలో దీనిని మూఁడవదిగాఁ జదివెను. రూఢిశబ్దమని చెప్పి, యవయవార్థమును విచారింపకయే మేము బాలురచేఁ గంఠస్థము చేయించుచున్నాము. అచ్చమాంబగా రా యవయవార్థము నభియోగముగా గ్రహించి, దాని ప్రక్కనే “సచ్చరిత్ర” నుంచిరి. గ్రంథములోని ప్రతిచరిత్రయు నా సమాసపూర్వపదమును ఖండించుచుండును. ఇట్టి ప్రయోగము మావంటివారికి స్ఫురింపలేదు!

1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితోఁ గలిసి మచిలీపట్టణమున బృందావనస్త్రీసమాజమును స్థాపించిరి. 1905 జనవరిలో బిలాసపురమున నామె పరమపదించునాఁటికి వయస్సు ముప్పదియేండ్లు. విదేశస్త్రీల చరిత్రలకై యుద్దేశించిన మూఁడవభాగము వెలువడనేలేదు.