భూమి దక్కింది, బియ్యం మాత్రం ఓడ మీదే

మారిషస్‌లో మన పెద్దలు భూమి సంపాదించిన వైనాన్ని గర్వంగా చెప్పుకుంటాం. గర్వించదగినదే. కాని ఆ భూమి వారి ఇంట అన్నానికి ఎంత భరోసా ఇచ్చిందని అడిగేవారు తక్కువ.

కోరంగి రేవు పేరుమీద ‘కోరంగీలు’ అనిపించుకున్న తెలుగు కూలీలకు, తక్కిన కూలీల మాదిరే, ఒడంబడిక కాలంలో జీతంతోపాటు బియ్యం, పప్పు, ఉప్పు కొలిచి ఇచ్చేవారు. ఆ బియ్యం సముద్రం దాటి వచ్చేది. దీవిలో పండేది చెరకు.

1880 ప్రాంతంలో బీటు చక్కెర పోటీకి ధరలు పడిపోయాయి. అప్పులపాలైన ఎస్టేటు యజమానులు, ముఖ్యంగా తమకు అంతగా పనికిరాని చెక్కలను, ముక్కలుచేసి అమ్మకానికి పెట్టారు. దీనినే చరిత్రకారులు ‘గ్రాన్ మోర్సెల్‌మాన్’ అంటారు; పెద్ద విభజన అనుకోవచ్చు. ప్రభుత్వం చట్టం చేసి పంచిపెట్టిన భూమి కాదిది. ఒడంబడిక తీరిన కూలీలు, సర్దార్లు పైసా పైసా కూడబెట్టి, చాలామంది వాయిదాల మీద కొనుక్కున్నది. 1920 నాటికి చెరకు భూమిలో పెద్ద వాటాయే భారతీయ సంతతి చేతికి వచ్చింది.

మరి సొంత చేలో ఏం వేశారు? చెరకే! వారిని తప్పుపట్టలేం. వాయిదా చెల్లించాలంటే రొక్కం కావాలి. రొక్కం తెచ్చే పంట అదొక్కటే. 1892 తుఫాను వంటిది వచ్చినా దుబ్బు మిగిలి మళ్లీ చిగురించేదీ అదే. కూరగాయలు పెరట్లో, చెరకు సాళ్ల నడుమ పెరిగేవి. ఇంటివెనుక ఆవు ఉంటే పాలకు లోటు లేదు. అన్నానికి మాత్రం చెరకు అమ్మిన డబ్బుతో దుకాణంలో బియ్యం కొనవలసిందే.

ఆ చెరకు ధర నిర్ణయించేది మిల్లు. 1937లో చిన్న రైతులు ఎక్కువగా వేసే ఊబా రకానికి మిల్లులు నూటికి 15 వంతులు ధర తగ్గించాయి. భూమి ఉండి కూడా వంటింటి లెక్క తారుమారయింది. ఆగస్టులో యూనియన్ ఫ్లాక్ వద్ద కాల్పుల్లో నలుగురు చనిపోయారు.

అంతకన్న గట్టి దెబ్బ 1942లో తగిలింది. బర్మా జపాను వశమై అక్కడి బియ్యం ఆగిపోయింది. రేషన్లు వచ్చాయి. చెరకు నేలలో కొంత తిండి పంటలకు కేటాయించాలని ప్రభుత్వం ఆజ్ఞాపించింది: మొక్కజొన్న, కర్రపెండలం, చిలగడదుంప. అర్ధశతాబ్ది క్రితమే సొంతమైన నేలలో తిండి గింజ వేయడానికి యుద్ధం రావలసివచ్చింది.

యుద్ధం ముగిశాక మళ్లీ చెరకే. కూరగాయలు, బంగాళాదుంపలు చిన్న రైతులు బాగానే పండించారు కాని, దీవి తినే బియ్యం నేటికీ దాదాపు అంతా దిగుమతే. 2006 నుంచి ఐరోపా చక్కెర ధరను 36 శాతం తగ్గించడంతో చిన్న చెరకు చేలు ఎన్నో బీడుపడ్డాయి. ఇప్పుడు ‘మోర్సెల్‌మాన్’ అంటే మన పిల్లలకు తెలిసిన అర్థం ఇళ్లస్థలాలు. తాతలు వాయిదాలు కట్టి కొన్న చెక్కల్లో కొన్ని ఆ పేరుతోనే మళ్లీ ముక్కలవుతున్నాయి.