కూర్చున్న లాప్‌టాపు, నడిచే టెలిఫోను

తీగ లేకుండా మాట వినిపించడం ఈనాడు మనకు వింత కాదు. సింగపూరులో బస్సు కోసం నిలబడి, గుంటూరులో ఉన్న అమ్మ ముఖం చూస్తూ మాట్లాడుతున్నాం. అదే మాట సొంత ఇంట్లో హాల్లోంచి పడకగదిలోకి వెళ్ళేసరికి తెగిపోతే విసుక్కుంటాం. 1990ల చివరి నుంచి కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో ఉండేవారికి ఇందుకు ఒక కారణం బాగా తెలుసు. అది ఇంట్లో ఉండే బాంబు షెల్టరు. 1997 నాటి చట్టం వల్ల వచ్చిన ఆ చిన్న గదికి ఉక్కు కడ్డీలు పెట్టిన మందపాటి కాంక్రీటు గోడలు, ఉక్కు తలుపు ఉంటాయి. మన ఆవకాయ జాడీలకు అది మంచి చోటే గాని, రేడియో తరంగానికి మాత్రం కోటగోడ. ఒక్క ఇంటికే ఇంత చిక్కు ఉంటే, గుట్టలమీదా లోయలలోనూ పరచుకున్న ఒక విశ్వవిద్యాలయం అంతటా మాట తెగకుండా చూడడం ఎలా సాధ్యమయింది? ఆ కథ వెనుక చాలామంది ఇంజనీర్ల కాలినడక ఉంది.

తీగలేని కంప్యూటరు వలకు పుట్టిల్లు కూడా ఒక విశ్వవిద్యాలయమే. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 'అలోహా' అనే రేడియో వలను నడిపించింది. వేరువేరు దీవులలోని వారు ప్రధాన కంప్యూటరును వాడుకోవడానికి అది దారి చూపింది. 1985లో అమెరికా సమాచార ప్రసార సంస్థ కొన్ని రేడియో పౌనఃపున్యాలను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించింది. దుకాణాలలో డబ్బు లెక్కపెట్టే యంత్రాలను తీగలు లాగకుండా కలపాలని ఎన్‌సీఆర్ కంపెనీవారు హాలెండులో చేసిన ప్రయత్నం నుంచి 'వేవ్‌లాన్' పుట్టింది. ఆ పరికరాలతోనే అమెరికాలోని పిట్స్‌బర్గులో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 1990ల నడుమ 'వైర్‌లెస్ ఆండ్రూ' అనే వలను మొదలుపెట్టి, ఆ దశకం ముగిసేనాటికి క్యాంపస్ అంతటికీ విస్తరించింది. దీనికి సారథి అలెక్స్ హిల్స్. ఇది సాగుతున్న కాలంలో అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగానికి 1991 నుంచి 1999 వరకు డీనుగా ఉన్నవారు మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం ఆయనకు వచ్చింది కూడా ఆ పదవిలో ఉన్నప్పుడే.

హిల్స్ బృందం అనుభవంతో తేలిన సంగతి ఒకటుంది. భవనం నక్షా ముందు పెట్టుకుని, ఇక్కడో యాక్సెస్ పాయింటు, అక్కడో యాక్సెస్ పాయింటు అని గీసుకోవడం మొదటి మెట్టు మాత్రమే. ఆ తరువాత ఒకదాన్ని తాత్కాలికంగా నిలబెట్టి, కొలిచే పరికరం చేతపట్టి, సిగ్నలు క్షీణించేదాకా నడవాలి. ఆ చోటును నక్షామీద గుర్తించి, మళ్ళీ ఇంకో దిక్కుకు నడవాలి. దీన్నే సైట్ సర్వే అన్నారు. ఈ నడక ఎంత శ్రమ అంటే, పనిని తేలిక చేయడానికి కొలత సామగ్రి అమర్చిన చక్రాల బండినే వారు తయారుచేశారు. 2004లో ప్రచురించిన వ్యాసంలో దానికి 'రోలబౌట్' అని పేరు పెట్టారు.

సింగపూరులో ఇంటర్నెట్ ప్రవేశించింది కూడా విశ్వవిద్యాలయం గుమ్మం నుంచే. 1991లో ఎన్‌యూఎస్‌లో నెలకొల్పిన 'టెక్‌నెట్' ద్వారా మొదట పరిశోధకులకు ఆ సౌకర్యం కలిగింది. 1999లో 802.11బి ప్రమాణం వచ్చాక పరికరాల ధరలు దిగాయి. 2000ల తొలి ఏళ్ళలోనే ఇక్కడి విశ్వవిద్యాలయాల విద్యార్థులు లాప్‌టాపు తెరిచి తీగ లేకుండా పాఠాలు చదువుకోసాగారు. 2006 డిసెంబరులో ప్రభుత్వం 'వైర్‌లెస్ ఎట్ ఎస్‌జీ' పేరుతో బహిరంగ ప్రదేశాలలోనూ ఆ సదుపాయం కల్పించింది.

ఆనాటి ప్రణాళికలన్నింటికీ అడుగున ఒక ఊహ ఉంది. మనిషి ఒకచోట కూర్చుని లాప్‌టాపు తెరుస్తాడన్నదే ఆ ఊహ. అందుచేత గ్రంథాలయం, ఉపన్యాస మందిరం, భోజనశాల, వీటికే సర్వే జరిగేది. మెట్లదారిలో ఎవరు కూర్చుంటారు? లిఫ్టులో లాప్‌టాపు ఎవరు తెరుస్తారు? ఒక ఉత్తరం అర సెకను ఆలస్యంగా వచ్చినా ఎవరికీ పట్టింపు లేదు.

టెలిఫోను ఈ ఊహను తలకిందులు చేసింది. వైఫై మీద పనిచేసే చేతి ఫోనులు ఆసుపత్రులలోకి, గోదాములలోకి ముందే వచ్చాయి. 2007లో ఐఫోను వచ్చాక విద్యార్థి జేబులోకీ వైఫై చేరింది. మాటకు ఓపిక లేదు. మన గొంతును సాధారణంగా సెకనుకు 50 ముక్కలుగా కోసి పంపుతారు. ఒక వైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్లు దాటితే సంభాషణ సాఫీగా సాగదని అంతర్జాతీయ టెలికం సంఘం సూచన. సిగ్నలు విషయానికి వస్తే, మాటకోసం కనీసం మైనస్ 67 డీబీఎం ఉండాలన్నది ఇంజనీర్లలో స్థిరపడిన లెక్క. ఈమెయిలుకు మైనస్ 77 దగ్గర కూడా పని జరగవచ్చు. పది అంకెల తేడాయే కదా అనిపిస్తుంది గాని, శక్తిలో అది పది రెట్లు.

అంతకన్నా పెద్ద చిక్కు నడక. ఎన్‌యూఎస్ యూనివర్సిటీ టౌను నుంచి పాత కెంట్ రిడ్జ్ క్యాంపస్‌కు వెళ్ళాలంటే ఎక్స్‌ప్రెస్ హైవే మీది వంతెన దాటాలి. అలాంటి దారిలో మాట్లాడుతూ నడిచే మనిషిని ఒక యాక్సెస్ పాయింటు మరొకదానికి అప్పగించాలి. ఎప్పుడు మారాలో నిర్ణయించేది మాత్రం ఫోనే. కొన్ని ఫోనులు పాతదాన్నే పట్టుకు వేళ్ళాడతాయి. మారిన ప్రతిసారీ రహస్యపదాల తనిఖీ మొదటినుంచి జరిగితే మాట తెగుతుంది. ఈ అప్పగింతను వేగిరపరచే 802.11ఆర్ ప్రమాణం 2008లో గాని రాలేదు.

అయితే శక్తి పెంచితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. గోడమీది పరికరం గట్టిగా అరిస్తే ఫోనుకు వినిపిస్తుంది. కాని చిన్న బ్యాటరీతో ఫోను ఇచ్చే జవాబు అంత దూరం చేరదు. తెరమీద గీతలు నిండుగా ఉంటాయి, అవతలివారికి మన మాట మాత్రం వినబడదు. పైగా 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదానితో ఒకటి కలియని చానళ్ళు మూడే: 1, 6, 11. ముగ్గులో పక్కపక్క గడులకు ఒకే రంగు పడకుండా చూసినట్టు వీటిని సర్దాలి. ముగ్గు నేలమీదే ఉంటుంది. ఇక్కడ పై అంతస్తూ కింది అంతస్తూ కూడా చూసుకోవాలి.

సర్వే ఎప్పుడు చేశామన్నది కూడా ముఖ్యమే. ఖాళీ ఉపన్యాస మందిరంలో రాత్రిపూట తీసిన కొలత, పగలు విద్యార్థులతో నిండినప్పుడు చెల్లదు. మన ఒంటిలోని నీరు ఈ తరంగాలను మింగుతుంది. పుస్తకాలు నిండిన అల్మారాలూ అంతే. ఎండవేడి ఆపడానికి లోహపు పూత వేసిన కిటికీ అద్దాలు తరంగాన్నీ ఆపుతాయి.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయమని నేను అనుకోను. మన సంఘంలో వైద్యులు చాలామంది ఉన్నారు. వార్డులో నర్సు పిలుపు మెట్లదారిలో తెగిపోతే పర్యవసానం ఏమిటో వారికి చెప్పనక్కరలేదు. ఏ భవనంలోనైనా కవరేజి పటం తీసి చూడండి. చివరకు ఖాళీగా మిగిలేవి బేస్‌మెంటు, పంపుల గది, చెత్త సేకరించే చోటు, సరుకులు దించే వాకిలి. అక్కడ పని చేసేవారు కాపలాదారులు, సఫాయి కార్మికులు, మరమ్మతు పనివారు. వారిలో మన జిల్లాలనుంచి వచ్చినవారూ ఉంటారు. సెల్ సిగ్నలు అందని నేలమాళిగలో ఒకరు జారిపడితే, 995కు ఫోను చేయడానికి తోడున్న మనిషి ముందు మెట్లెక్కి పైకి రావాలి. రోజూ విరామంలో ఇంటికి మాట్లాడాలన్నా అంతే. పటం గీసేవాళ్ళు ఆ మెట్లు దిగి నడిచారా లేదా అన్నదానిమీద ఇదంతా ఆధారపడి ఉంది.

ఈనాడు గోడల వివరాలిస్తే సిగ్నలు ఎక్కడికి చేరుతుందో రంగులలో చూపే సాఫ్ట్‌వేరు ఉంది. అది మంచి సాయం. కాని ఎవరో తెచ్చిపెట్టిన కొత్త ఇనుప బీరువా సంగతి దానికి తెలియదు. అందుకే చివర ఒకసారి, ఫోనులో మాట్లాడుతూనే నడిచి చూసే అలవాటు ఇంకా పోలేదు.

ఈ ఉగాదికి ఊరికి ఫోను చేసినప్పుడు మీ ఇంట్లోనూ ఒకసారి అలా నడిచి చూడండి. వంటింట్లోంచి, పిల్లల గదిలోంచి, షెల్టరు పక్కనుంచి కూడా మాట్లాడండి. ఎక్కడ "ఏమిటీ, వినబడలేదు" అని నాన్నగారు అడుగుతారో అక్కడ గుర్తు పెట్టుకుని, ఆ వైపుకు తీగ లాగి రెండో యాక్సెస్ పాయింటు పెట్టించండి. మీ ఆఫీసులో, మీ ఆసుపత్రిలో ఇలాంటి నిర్ణయాలు మీ చేతిలో ఉంటే, నేలమాళిగలో పనిచేసేవారిని కూడా ఒక మాట అడగండి.