హాలే నగరంలో తెలుగు అక్షరం: బెంజమిన్ షుల్జ్ జీవితం, కృషి

తెలుగు ముద్రణ చరిత్ర రాసేవారు సాధారణంగా శ్రీరాంపూర్, మద్రాసు, విశాఖపట్నం, బళ్ళారి పేర్లతో మొదలుపెడతారు. కాని తెలుగు అక్షరాలకు సీసపు అచ్చులు పోసి కాగితం మీద ముద్రించడం వీటన్నిటికన్న సుమారు అరవై ఏళ్ళ ముందే, 1746లో, జర్మనీలోని హాలే నగరంలో జరిగింది. ఆ పనికి మూలపురుషుడు బెంజమిన్ షుల్జ్ అనే క్రైస్తవ మిషనరీ. ఆయన రాజమండ్రి చూడలేదు, ఓరుగల్లు చూడలేదు. ఆయనకు తెలిసిన తెలుగు మద్రాసు వీధుల తెలుగు. రాష్ట్రం వెలుపల తెలుగు చదువుకొంటున్న మనవంటివారు ఆయన జీవితాన్ని ప్రత్యేకంగా తెలుసుకోవలసింది ఈ కారణంచేతనే.

తరంగంబాడి నుంచి చెన్నపట్నానికి

షుల్జ్ 1689లో బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలోని సోన్నెన్‌బర్గ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. ఆయన చదువుకొన్న హాలే నగరం ఆ రోజుల్లో ఒక కొత్త విద్యావిధానానికి కేంద్రం. అక్కడ ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే 17వ శతాబ్ది చివర అనాథాశ్రమం, దానికి అనుబంధంగా బడులు, ముద్రణాలయం, ఔషధశాల నెలకొల్పాడు. బీదపిల్లవాడు కూడా చదవడం, రాయడం నేర్వాలి, దేవుని మాట తన భాషలో తానే చదువుకోవాలి అన్నది ఆ సంస్థల మూలసూత్రం. డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ పంపగా 1706లో తరంగంబాడిలో దిగిన సీగెన్‌బాల్గ్, ప్లూట్‌షౌలు ఈ హాలే సంప్రదాయానికి చెందినవారే.

తరంగంబాడికి తెలుగుతో పాత సంబంధం ఉంది. 1620లో డేనిష్ వారికి అక్కడ కోట కట్టుకొనే హక్కు ఇచ్చినవాడు తంజావూరు రఘునాథ నాయకుడు, స్వయంగా తెలుగు కవి. షుల్జ్ వచ్చేనాటికి తంజావూరు మరాఠా రాజుల చేతిలో ఉంది. చుట్టూ వినిపించేది తమిళం.

షుల్జ్ 1719లో తరంగంబాడి చేరాడు. అదే ఏడు ఫిబ్రవరిలో సీగెన్‌బాల్గ్ మరణించాడు. మరుసటి ఏడు గ్రూండ్లర్ కూడా పోవడంతో మిషను బాధ్యత కొత్తగా వచ్చిన ఈ యువకుడి మీద పడింది. సీగెన్‌బాల్గ్ తమిళ పాత నిబంధనను రూతు గ్రంథం దాకా అనువదించి విడిచిపెట్టాడు. మిగిలిన భాగం షుల్జ్ పూర్తిచేశాడు. 1728 నాటికి దాని ముద్రణ కూడా ముగిసింది. భారతీయ భాషలలో అచ్చయిన మొదటి సంపూర్ణ బైబిలు అదే.

1725లో ముగ్గురు కొత్త మిషనరీలు వచ్చారు. వారితో షుల్జ్‌కు పొసగలేదు. ఆయన పట్టుదల మనిషి, ఎవరి మాటా వినే స్వభావం కాదు. 1726లో మద్రాసు వెళ్ళి అక్కడే స్థిరపడి, బడి తెరిచాడు. 1728 నుంచి లండనులోని క్రైస్తవ జ్ఞాన వ్యాపక సంఘం ఆయన పోషణభారం వహించింది. జర్మన్ లూథరన్ బోధకుడు, ఆంగ్లికన్ సంఘం వారి జీతం, ఇంగ్లీషు కంపెనీ వారి ఊరు: ఈ విచిత్రమైన ఏర్పాటులో ఆయన 1743 దాకా పనిచేశాడు.

ఆనాటి మద్రాసులో తెలుగు

1639లో ఫ్రాన్సిస్ డేకు ఆ ఇసుకతీరాన్ని ఇచ్చినవారు తెలుగు నాయకులైన దామెర్ల వారు. చెన్నప్ప నాయకుడి పేరు మీదనే అది చెన్నపట్నమయింది. కంపెనీకి కావలసింది నేతబట్ట. బట్టను సేకరించి ఇచ్చే పెద్ద వ్యాపారులలో, దుబాసీలలో తెలుగువారు ఎక్కువ. బేరి శెట్లు, కోమట్లు, ఉత్తరాది నేతగాళ్ళు నల్లపట్నంలో నివసించారు. కనుక మద్రాసులో పనిచేయదలచిన బోధకుడికి తమిళం ఒక్కటీ చాలదు. పిల్లలు తెలుగింటి నుంచి వస్తే బడిలో తెలుగు రావాలి. షుల్జ్ తన ముప్పై ఏడవ ఏట మళ్ళీ ఓనమాలు దిద్దాడు. అంతటితో ఆగకుండా దక్కనీ ఉర్దూ కూడా నేర్చాడు. 1745లో హాలేలో వెలువడిన హిందూస్తానీ వ్యాకరణం ఆయనదే.

ఆయన మన భాషను పిలిచిన పేర్లు గమనించదగినవి. ఒకటి జెంటూ. పోర్చుగీసువారు అన్యమతస్థుల్ని 'జెంటియో' అనేవారు. మద్రాసులో ఆ మాట క్రమంగా తెలుగువారికీ, తెలుగు భాషకూ రూఢి అయింది. రెండవది 'వరుగ'. ఇది తమిళుల 'వడుగ' శబ్దం. తమిళంలో 'వడ' అంటే ఉత్తరం, వడుగులంటే ఉత్తరాదివారు. అచ్చుల నడుమ వచ్చే డకారాన్ని నాలుక మడిచి తేలికగా పలుకుతాం గనుక యూరోపియన్ చెవికి అది రేఫలాగా వినిపిస్తుంది. కన్నడంలో పదాది వకారం బకారమయి ఇదే మాట 'బడగ' అయింది. 16వ శతాబ్దిలో ఫ్రాన్సిస్ జేవియర్ లేఖలలో కనిపించే 'బడగలు', నీలగిరులలోని బడగులు ఈ ధాతువు నుంచి వచ్చినవారే. అంటే షుల్జ్ మన భాష పేరును మన నోట కాక పొరుగువారి నోట విన్నాడు. పొరుగు భాషల మధ్య బతికే తెలుగువారికి ఇది కొత్త అనుభవం కాదు.

లాటిన్ చట్రంలో తెలుగు

1728లో ఆయన లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. ఇంగ్లీషులో కేరీ వ్యాకరణం 1814లో, కాంబెల్ వ్యాకరణం 1816లో వచ్చాయంటే ఇది ఎంత ముందుదో తెలుస్తుంది. కాని షుల్జ్ వ్యాకరణం ఆనాడు అచ్చుకాలేదు. రెండున్నర శతాబ్దాలు వ్రాతప్రతిగా ఉండి, 1984లో హాలేలోనే వెలుగు చూసింది. తరవాతి వ్యాకర్తలు దీని మీద కట్టుకొంటూ పోయే అవకాశం లేకుండా పోయింది.

యూరోపియన్ పండితుడికి ఆ రోజుల్లో వ్యాకరణమంటే లాటిన్ వ్యాకరణమే. ఆ చట్రంలో ఇమడనివి తెలుగులో చాలా ఉన్నాయి. 'మనం', 'మేము' అనే భేదం లాటిన్‌లో లేదు, జర్మన్‌లో లేదు. తమిళంలో 'నామ్', 'నాంగళ్' ఉన్నాయి. మరాఠీలో 'ఆపణ్', 'ఆమ్హీ' ఉన్నాయి. కన్నడంలో 'నావు' ఒక్కటే నిలిచింది. లింగభేదం సంగతి ఇంకా ఆసక్తికరం. తమిళంలో స్త్రీకి వేరే క్రియారూపం ఉంది: 'అవళ్ వందాళ్'. కన్నడంలోనూ ఉంది: 'అవళు బందళు'. తెలుగులో 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది' అంటాం. బహువచనంలో మాత్రం స్త్రీలు మగవారితో కలిసి 'వచ్చారు' అవుతారు, బండ్లు 'వచ్చాయి' అవుతాయి. తమిళం ద్వారా తెలుగులో అడుగుపెట్టే ఎవరైనా ఇక్కడ తడబడతారు. ద్రావిడ భాషల పరస్పర సంబంధాన్ని ఎల్లిస్ 1816లో శాస్త్రీయంగా చూపడానికి దాదాపు తొంభై ఏళ్ళ ముందే ఒక మనిషి తమిళం, తెలుగు రెంటినీ పక్కపక్కన పెట్టుకొని పనిచేశాడన్నది మనం మరవరాదు.

మరొక విశేషం. షుల్జ్ కావ్యభాష మీద కాక వ్యవహారం మీద ఎక్కువ ఆధారపడ్డాడు. ఇందుకు కారణం లూథర్ సంప్రదాయం. ఇంట్లో తల్లి, వీధిలో పిల్లలు, సంతలో సామాన్యుడు ఎలా మాట్లాడతారో చూసి అనువదించాలన్నది లూథర్ నియమం. మన లాక్షణికులకు గ్రామ్యమైనది లూథరన్ బోధకుడికి గ్రాహ్యమయింది. షుల్జ్ తెలుగు కొత్త నిబంధన 1727 నాటికి, పాత నిబంధన 1732 నాటికి తయారయ్యాయి. అవీ అచ్చుకు నోచుకోలేదు. మొదటి మూడు సువార్తలు తెలుగులో ముద్రణ పొందడానికి 1812 దాకా ఆగవలసి వచ్చింది. అవి విశాఖపట్నంలో డెగ్రాంజెస్, ఆనందరాయరు కలిసి చేసిన అనువాదాలు. శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి.

సీసపు అక్షరాలు

1743లో ఆరోగ్యం చాలక షుల్జ్ యూరప్‌కు తిరిగి వెళ్ళి హాలేలో ఉండిపోయాడు. 1760లో అక్కడే కన్నుమూశాడు. కాని ఆయన విశ్రాంతి తీసుకోలేదు. తెలుగు అచ్చులు పోయించాడు. ఇది చిన్న పని కాదు. హాలే వారు తమిళ అచ్చులు తయారుచేసి 1713లోనే తరంగంబాడికి పంపారు. తమిళానికి 18 హల్లులు, పుల్లి ఉంటే చాలావరకు పని గడుస్తుంది. తెలుగులో వర్గాక్షరాలన్నీ ఉన్నాయి. తలకట్టు, గుడి, కొమ్ము హల్లును అంటిపెట్టుకొని ఉంటాయి. వత్తు కిందికి దిగుతుంది. లాటిన్ అక్షరాలు ఒకే వరసలో పేర్చే కూర్పరికి ఇది మూడు అంతస్తుల పని. తెలుగు వచ్చినవాడు ఊరంతా వెతికినా షుల్జ్ ఒక్కడే. తప్పొప్పులు చూసుకోవలసింది కూడా ఆయనే.

1746, 1747 సంవత్సరాలలో లూథర్ లఘు ప్రశ్నోత్తరి, మతవిషయక సంభాషణ, క్రైస్తవ ధర్మాన్ని వివరించే చిన్న పుస్తకాలు ఆ అక్షరాలతో వెలువడ్డాయి. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలుగా చరిత్రకారులు వీటినే పరిగణిస్తారు. కాలం మాత్రం అనుకూలించలేదు. అదే 1746 సెప్టెంబరులో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకొన్నారు. షుల్జ్ తరవాత మద్రాసు మిషనును నడుపుతున్న ఫబ్రిషియస్ పులికాట్‌కు తరలిపోవలసి వచ్చింది. 1749లో ఊరు మళ్ళీ కంపెనీ చేతికి వచ్చింది. హాలేలో మొదలైన తెలుగు ముద్రణ ఒక పరంపరగా సాగలేదు.

ముప్పై సంభాషణలు

నా దృష్టిలో షుల్జ్ రచనలలో మనకు అతి విలువైనది మతగ్రంథం కాదు. 1750లో హాలేలో ఇంగ్లీషున అచ్చయిన మద్రాసు సంభాషణల పుస్తకం. ఇందులో ముప్పై సంభాషణలున్నాయి. మద్రాసు వాసుల స్వభావం, మర్యాదలు, వ్యాపారం, ఇంటి పనులు, బతుకుతీరు వీటి విషయాలు. మొదట 'వరుగ లేక జెంటూ' భాషలో రాసి, తరవాత ఇంగ్లీషులోకి మార్చినట్లు ముఖపత్రం మీదనే ఉంది. ఒక నగరం తన గురించి తాను మాట్లాడుకొన్నట్లు రాసిన పుస్తకానికి మూలభాష తెలుగు కావడం, ఆ నగరం మద్రాసు కావడం గమనించండి. 18వ శతాబ్ది తెలుగు అనగానే మనకు ప్రబంధం, శతకం, యక్షగానం గుర్తుకొస్తాయి. బేరం ఆడే తెలుగు, ఇంటి పని పురమాయించే తెలుగు ఒకరు వరసబెట్టి కాగితం మీద పెట్టిన సందర్భాలు బహు అరుదు.

గుణదోషాలు

షుల్జ్‌ను ఆరాధించవలసిన పనిలేదు. ఆయన వచ్చింది మతం మార్చడానికి. ఈ దేశపు మతాల మీద ఆయనకున్న అభిప్రాయం ఆనాటి మిషనరీల అభిప్రాయమే. భాష నేర్వడం ఆయనకు సాధనం, సాధ్యం కాదు. తొందరపాటు కూడా ఎక్కువ. ఆయన తమిళ అనువాదం మోటుగా ఉందని భావించిన ఫబ్రిషియస్ దానిని మళ్ళీ మొదటినుంచి సరిదిద్దడానికి దశాబ్దాలు శ్రమించాడు. సీగెన్‌బాల్గ్‌కు తమిళ సాహిత్యం మీద ఉన్న గౌరవం షుల్జ్‌కు తెలుగు సాహిత్యం మీద ఉన్నట్లు కనిపించదు. బ్రౌన్ దొర వలె కావ్యాలు సేకరించి పరిష్కరించినవాడు కాదు.

అయినా భాషాచరిత్రకు ఆయన లోపమే లాభమయింది. కావ్యభాషలో పండితుడై ఉంటే బహుశా వీధిభాషను పట్టించుకొని ఉండేవాడు కాదు. వ్యవహార భాషకు శాస్త్రగౌరవం ఇప్పించడానికి గిడుగు రామమూర్తిగారు 20వ శతాబ్దిలో పోరాడవలసి వచ్చింది. ఆయన కూడా బడిపంతులే. ఆయన పనిచేసిన పర్లాకిమిడి 1936 నుంచి ఒడిశాలో ఉంది. సవరల భాషను ఆయన సవరల నోట విని నేర్చుకొన్నట్లే, షుల్జ్ తెలుగును మద్రాసు తెలుగువారి నోట విని నేర్చుకొన్నాడు. ఇద్దరి ఉద్దేశాలు వేరు, పద్ధతి ఒకటే.

మనం చేయవలసింది

హోసూరు, మదురై, బెంగుళూరు, బరంపురం, షోలాపూరు, యానాం వంటి చోట్ల పెరిగిన విద్యార్థులు తమ ఇంటి తెలుగును తామే చిన్నచూపు చూడడం నేను తరచు గమనిస్తుంటాను. తమిళం కలిసిందనీ, కన్నడపు యాస ఉందనీ, ఇది అసలు తెలుగు కాదనీ సంకోచిస్తారు. మూడు వందల ఏళ్ళనాటి మాటల తెలుగుకు మనకున్న తొలి సాక్ష్యాలలో ముఖ్యమైనది తమిళుల నడుమ బతికిన తెలుగువారి మాట అన్న సంగతి ఈ సంకోచానికి జవాబు. అది నిలిచింది సొగసైనది కావడంవల్ల కాదు, ఒకరు శ్రద్ధగా రాసిపెట్టడంవల్ల.

కనుక సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మ, నాయనమ్మ, పెదనాన్నల మాటలు కొన్ని రాసుకోండి. బంధువాచకాలు, వంటపాత్రల పేర్లు, సేద్యపు మాటలు, మగ్గం మాటలు, తిట్లు, లాలిపాటలు ఏవైనా సరే. చెప్పినవారి వయస్సు, ఊరు, ఆ ఇంట్లో వాడే మరో భాష కూడా పక్కన గుర్తుపెట్టుకోండి. దిద్దకండి, విన్నది విన్నట్లు రాయండి. ఆ ఇళ్ళలో మూడవ తరం తెలుగు వదిలేస్తున్నది. షుల్జ్‌కు పదిహేడేళ్ళు మద్రాసులో గడిపే వ్యవధి దొరికింది. మనకు అంత వ్యవధి ఉన్నట్లు కనిపించదు.