ఏటి ఒడ్డు బడి: సాల్మన్ నుంచి సీమ బోరు దాకా

వేసవిలో రాయచోటి దగ్గర మాండవ్య నదిలోకి దిగితే కనిపించేది ఇసుకే. వానలు పడినప్పుడు పారి, మిగతా కాలమంతా ఆ నీటిని ఇసుక కింద దాచుకునే ఏరు ఇది. ఆ కాసిని నీళ్లు చెయ్యేటిలో కలిసి, చెయ్యేరు పెన్నలో కలిసి, నెల్లూరు దాటి సముద్రం చేరతాయి. ఇంత ప్రయాణం చేసే ఏటి గురించి ఒడ్డున పుట్టిన పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

ఏటి సంగతి ఏటి దగ్గరే, పెద్దలనూ పిల్లలనూ కలిపి కూర్చోబెట్టి చెప్పే బడికి ఒక చరిత్ర ఉంది. అందులో ఒక పాయ అమెరికా వాయవ్య తీరంలో సాల్మన్ చేప చుట్టూ పుట్టింది. ఇంకొకటి ఇండోనేషియా వరిమళ్లలో మొదలై మన కడప, కర్నూలు బోర్ల దాకా వచ్చింది. రెండూ ఏదో ఒకటి చేజారిపోయాకే పుట్టాయి.

పులసలాంటి చేప

గోదావరి పులసను ఎరిగినవాళ్లకు సాల్మన్ కథ సులువుగా అర్థమవుతుంది. రెండూ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదేవే. పులస గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి పోతుంది. పసిఫిక్ సాల్మన్‌లలో చాలావరకు ఏటిలోనే ప్రాణం విడుస్తాయి. చల్లటి నీళ్లలో, గులకరాళ్ల సందున తల్లి తోకతో గుంట చేసి గుడ్లు పెడుతుంది. పిల్లలు పెరిగి సముద్రానికి పోయి, ఏళ్ల తర్వాత పుట్టిన వాగుకే తిరిగొస్తాయి. చిన్నప్పటి నీటి వాసనే వాటికి దారి చూపుతుందన్న సంగతిని ఆర్థర్ హాస్లర్, వారెన్ విస్బీ 1951లో ప్రతిపాదించారు. చచ్చిన చేపను ఎలుగుబంట్లు, పక్షులు తింటాయి. మిగిలింది ఒడ్డు చెట్లకు ఎరువవుతుంది. సముద్రపు సారం అలా అడవికి చేరుతుంది.

అక్కడి ఆదివాసులకు ఇది వేల ఏళ్లుగా తెలుసు. ఏడాదిలో తొలిసారి దొరికిన సాల్మన్‌ను అందరూ పంచుకుని తిని, ఎముకలను తిరిగి ఏటికే ఇచ్చే ఆచారం వాళ్లది. చేపలన్నీ పట్టేయకూడదనీ, కొన్నింటిని పైకి పోనివ్వాలనీ పిల్లలు ఆ ఆచారంలోనే నేర్చుకునేవాళ్లు. ఏటి ఒడ్డున జరిగిన తొలి పాఠాలు అవే.

ఆనకట్టలు వచ్చాక

19వ శతాబ్దంలో చేపలను డబ్బాల్లో నింపే కర్మాగారాలు వచ్చి సాల్మన్‌ను తోడేశాయి. తరిగిన చేపను గుడ్ల నుంచి పెంచుదామని 1872లో కాలిఫోర్నియాలో మెక్‌క్లౌడ్ నదిపై లివింగ్‌స్టన్ స్టోన్ హేచరీ మొదలుపెట్టాడు. తర్వాత ఆనకట్టల కాలం వచ్చింది. కొలంబియా నదిపై 1938లో పూర్తయిన బోనవిల్ ఆనకట్టకు చేపలు ఎక్కడానికి మెట్లు కట్టారు. 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీకి ఆ మెట్లు కూడా లేవు. దాని పైనున్న నది అంతా సాల్మన్‌కు మూసుకుపోయింది. 1957 మార్చి 10న అదే నదిపై డాల్స్ ఆనకట్ట నీళ్లు నిలిచి, ఆదివాసులు తరతరాలుగా చేపలు పట్టిన సెలైలో జలపాతం కొన్ని గంటల్లోనే మునిగిపోయింది.

అమెరికా ప్రభుత్వంతో 1850ల్లో కుదిరిన ఒప్పందాలు చేపలు పట్టే హక్కును ఆదివాసులకు ఉంచినా అధికారులు వాళ్లను పట్టి జైల్లో పెడుతూ వచ్చారు. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను తొలిసారి అరెస్టు చేసింది 1945లో, ఆయన పద్నాలుగేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు. దశాబ్దాల పోరాటం తర్వాత 1974లో జడ్జి బోల్ట్ తీర్పు చేపల్లో సగం దాకా ఆదివాసులవేనని తేల్చింది. ఏట్లో చేపే లేకపోతే ఆ సగానికి అర్థమేముంది? అక్కణ్ణుంచి నీడనిచ్చే చెట్టు, గులకరాయి, రోడ్డు కింది తూము కూడా అందరూ మాట్లాడుకునే విషయాలయ్యాయి.

ఊరివాళ్లే గురువులు

అప్పుడే బడి ఊరి చేతికి వచ్చింది. 1985లో టామ్ మర్డాక్ వాషింగ్టన్ రాష్ట్రంలో 'అడాప్ట్ ఎ స్ట్రీమ్' సంస్థను స్థాపించి, ఒక్కో వాగును ఒక్కో బడికీ, ఒక్కో ఊరికీ దత్తత ఇచ్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. సియాటిల్ పక్కనున్న ఇసాక్వాలో 1936 నాటి హేచరీ ఉంది. 1990ల్లో దాన్ని మూసేస్తారన్న మాట రాగానే ఊరివాళ్లు సంఘం కట్టి నిలబెట్టుకున్నారు. ఆ సంఘం వలంటీర్లే ఈనాటికీ అక్కడికొచ్చే కుటుంబాలకు చేప కథ చెబుతున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం రెడ్‌మండ్, సమామిష్, ఇసాక్వాల్లో స్థిరపడిన మన తెలుగువాళ్ల పిల్లలకు ఆ వాగులు ఇంటి పక్కవే.

ఇలాంటి పాఠంలో ఉపన్యాసానికి చోటు తక్కువ. పిల్లలు రబ్బరు బూట్లు వేసుకుని వాగులోకి దిగి రాయి తిరగేస్తారు. దాని అడుగున అంటుకున్న పురుగు పిల్లలను తెల్లటి పళ్లెంలో వేసి లెక్కపెడతారు. కొన్ని జాతులు శుభ్రమైన నీళ్లలోనే బతుకుతాయి కాబట్టి, అవి కనిపించాయంటే నీళ్లు బాగున్నట్టు. థర్మామీటరు ముంచి వేడి చూస్తారు, ఒడ్డున మొక్క నాటుతారు. కారు టైర్ల నుంచి రాలిన పొడిలోని ఒక రసాయనం వాన నీటితో వాగుల్లోకి చేరి కోహో సాల్మన్‌ను చంపుతోందని 2020లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. తమ కారుకూ చేప చావుకూ ఉన్న సంబంధం ఇప్పుడు తల్లిదండ్రులకు పిల్లల పక్కనే నిలబడి తెలుస్తోంది.

పొలంబడి నుంచి నీటి బడికి

రెండో పాయ సుడిదోమతో మొదలైంది. ఇండోనేషియాలో మందు కొట్టేకొద్దీ దోమను తినే సాలీళ్లు చచ్చి, దోమ మరింత పెరిగింది. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 పురుగుమందులను నిషేధించింది. 1989 నుంచి రైతులు గుంపులుగా మడిలో దిగి, ఏ పురుగు మిత్రమో ఏది శత్రువో లెక్కపెట్టి చూసే బడులు నడిచాయి. ఆ పద్ధతి మన దగ్గరికి పొలంబడిగా వచ్చింది.

సీమలో ఆ పద్ధతి నీటికీ పాకింది. 1995లో నెదర్లాండ్స్ సాయంతో వచ్చిన ఏపీవెల్ పథకం చిన్న రైతులకు బోర్లు వేయించింది. నీటి లెక్క తెలియకపోతే బోరు నిలవదని ఆ అనుభవంలోనే తేలింది. 2003లో మొదలైన రైతుల భూగర్భజల పథకం ఈ లెక్క నేర్పే పని చేపట్టింది. నంద్యాలలోని బర్డ్స్ స్వచ్ఛంద సంస్థ ముందుండి నడిపిన ఈ పథకానికి తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండగా నిలిచింది. కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో వందల ఊళ్లు ఇందులో చేరాయి. గ్రామాల సరిహద్దులు పక్కనపెట్టి, ఒక వాగుకు నీళ్లిచ్చే ఊళ్లన్నిటినీ ఒక గుంపుగా కట్టారు.

ఆ బడి బోరు దగ్గరే నడిచేది. పదిహేను రోజులకోసారి రైతు టేపును బోరులోకి వదిలేవాడు. చివరనున్న కడ్డీ నీటిని తాకగానే కూత వినిపించేది. టేపు మీద అంకె చూసి నోటుపుస్తకంలో ఎక్కించేవాడు. మోటారు వేసి డ్రమ్ము నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసేవాడు. వానమాపకం లెక్క కూడా చేర్చి, ఊళ్లో అందరికీ కనపడేలా గోడ బోర్డు మీద రాసేవాళ్లు. వానాకాలం పంట ముగిశాక ఆడా మగా అంతా కూర్చుని, భూమిలోకి ఇంకిందెంత, రబీకి కావలసిందెంత అని బేరీజు వేసుకునేవాళ్లు. వరి వేయొద్దని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, వరికి ఎన్ని నీళ్లు పోతాయో వాళ్లే లెక్కగట్టారు. చాలామంది తక్కువ నీటి పంటలకు మళ్లారు. ఈ మార్పును ప్రపంచ బ్యాంకు తన 2010 నివేదికలో ప్రస్తావించింది.

మాండవ్య ఒడ్డున

రాయచోటి ప్రాంతం పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. బోర్లు ఎండి, అప్పులు పెరిగి, కువైట్ దారి పట్టిన ఇళ్లు ఊరూరా ఉన్నాయి. 2021 నవంబర్ 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి, చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ల మీద పడి పదుల ప్రాణాలు తీసింది. ఏరు ఎండినా, పొంగినా ఒడ్డువాళ్లకు ముందే అర్థమయ్యే చదువు కావాలి.

మన ఏటికి సాల్మన్ లేకపోయినా కొర్రమీను ఉంది. నీళ్లు ఎన్ని ఉన్నా మధ్యమధ్య పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. మడుగు ఎండుతుంటే బురదలో దూరి తడిని పట్టుకుని బతుకుతుంది. ఎర్రెర్రటి పిల్లలు గుంపుగా ఈదుతుంటే తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. కరువు సీమలో నీటిని నమ్ముకుని ఎలా బతకాలో చూపించడానికి ఇంతకు మించిన చేప ఎక్కడ దొరుకుతుంది? ఎండ ఎక్కకముందు ఇసుకలో చెలమ తవ్వి, ఎంత లోతులో తడి తగిలిందో కొలిచినా పాఠమే. ఇసుక తోడేసిన చోట ఆ లోతు ఎంత పెరిగిందో పక్కనే కొలిస్తే, ఇసుక పోతే నీళ్లు పోతాయన్న మాట ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. వరద ఎక్కడిదాకా వచ్చిందో చూపే పెద్దవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. నీటిమట్టం కొలవడం నేర్చిన రైతులు సీమ జిల్లాల్లో వేలల్లో ఉన్నారు.

ఈ బడికి భవనం అక్కర్లేదు. ఒక టేపు, ఒక డ్రమ్ము, ఒక నోటుపుస్తకం, సెలవుల్లో కొన్ని పొద్దుటి పూటలు చాలు. ఇసాక్వా జనం హేచరీ మూతబడేదాకా ఆగి ఉంటే వాళ్ల పిల్లలకు చూపడానికి చేప మిగిలేది కాదు. రాయచోటి టీచర్లు, రైతులు, తల్లిదండ్రులు వచ్చే వేసవి సెలవుల్లోనే మాండవ్య ఒడ్డున ఈ పని మొదలుపెట్టాలి. రెండేళ్లు వరసగా కొలిచిన లెక్క ఊరి చేతిలో ఉంటే, ఇసుక గురించీ, బోర్ల గురించీ, కట్టల భద్రత గురించీ ఏ అధికారి ముందైనా నిలబడి గట్టిగా అడగవచ్చు.